సొంతూరు, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, కేరళ: మీ పనికి ఎక్కడ ఎంత మిగులుతుంది?

రెండు ఊళ్ల నుంచి పని దొరికే వీలున్నప్పుడు మనవాళ్లు మొదట అడిగేది "ఎక్కడ ఎక్కువిస్తున్నారు?" అనే. ఫోన్‌లో వెతికితే రాష్ట్రాలవారీగా సగటు జీతాలు, తలసరి ఆదాయాలు వరసగా వచ్చేస్తాయి. వాటిని చూసి ఊరు ఎంచుకోవద్దు. ఎందుకో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు.

తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో 2022-23 నాటికి రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం 9 లక్షల రూపాయలు దాటింది. పక్కనే ఉన్న వికారాబాద్ జిల్లాది 2 లక్షల లోపే. 2016 దాకా ఈ రెండూ ఒకే జిల్లా. రాయదుర్గం, గచ్చిబౌలి, కోకాపేట ఆఫీసుల్లో పుట్టే ఆదాయమంతా రంగారెడ్డి ఖాతాలో పడుతుంది. అదే జిల్లాలో ఇబ్రహీంపట్నం వైపు ట్రాక్టర్ తోలే మనిషితో "మీ సగటు 9 లక్షలటగా" అంటే నవ్వి ఊరుకుంటాడు. పైగా తలసరి ఆదాయం అంటే జీతం కాదు. కంపెనీల లాభాలు, అద్దెలు, వడ్డీలు, పంటలు అన్నీ కలిపి జనాభాతో భాగించిన అంకె అది.

ప్రాంతాల మధ్య తేడా నిజమే. కానీ అది అందరికీ ఒకేలా ఉండదు, చేసే పనిని బట్టి మారిపోతుంది. కూలి, తాపీ పనుల్లో మొదటి రోజు నుంచే పెద్ద తేడా. కంపెనీ ఉద్యోగాల్లో మొదట్లో తేడా దాదాపు ఉండదు, మూడో నాలుగో ఏట మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఏ ఊరికి ఎంత తేడా అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. అందుకే ఈ పోలికను ఊళ్ల వారీగా కాకుండా పనుల వారీగా నడుపుతున్నాను. మీ పని ఏదో ఆ భాగం చదివితే సరిపోతుంది, మిగతావి ఇంట్లో తమ్ముడికో మరదలికో పనికొస్తాయి.

ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మొదటిది, చేతికొచ్చే జీతం. ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీలో (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) కంపెనీ వైపు పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీ కింద మూల వేతనంలో 4.81 శాతం కలిసే ఉంటాయి. మీ వైపు పీఎఫ్ ఎటూ కోస్తారు. రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ఇవన్నీ తీసేసి, నెలకు బ్యాంకులో పడే మొత్తాన్నే పక్కపక్కన పెట్టండి. పెర్ఫార్మెన్స్ బోనస్ అని రాసిన దాన్ని సున్నాగానే వేసుకోండి, వస్తే సంతోషం. జీతం నెలకు 21 వేలు దాటితే ఈఎస్ఐ పోతుందన్నది కూడా గుర్తుండాలి. 20 వేల ఉద్యోగం వదిలి 22 వేలకు వెళ్లి, ఇంట్లో అమ్మానాన్నల వైద్యానికి ఈఎస్ఐ లేకుండా చేసుకుంటే ఆ రెండు వేలు ఏ మూలకూ చాలవు.

రెండోది, పని దొరికే రోజులు. రోజుకూలి ఎంత అన్న దానికంటే నెలలో ఎన్ని రోజులు అన్నదే ఇంటికి పంపే డబ్బును తేలుస్తుంది.

మూడోది అద్దె, దానితోపాటు అడ్వాన్సు. హైదరాబాద్‌లో మామూలుగా ఒకటి రెండు నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారు. బెంగళూరులో ఐదారు నెలలు అడిగే ఇళ్లు ఇప్పటికీ ఎక్కువే, పాత అలవాటు పది నెలలు. చెన్నైదీ ఒకప్పుడు పది నెలల కథే. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం మూడు నెలలను కొలతగా పెట్టింది. ఈ డబ్బు తిరిగొచ్చేదే కదా అని లెక్కలోంచి వదిలేస్తారు. 20 వేల అద్దె ఇంటికి ఐదు నెలల అడ్వాన్సు అంటే లక్ష. దాన్ని ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రెండు వేలు వడ్డీకే పోతుంది. అంటే మీ అద్దె 22 వేలన్నమాట.

నాలుగోది ఇంటికి దూరం. అనంతపురం, హిందూపురం వాళ్లకు హైదరాబాద్, విజయవాడల కంటే బెంగళూరే దగ్గర. తిరుపతి, నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. రాష్ట్రం దాటుతున్నాం అన్న భయం ఈ జిల్లాల్లో పెద్దగా ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

ఐదోది చాలామంది అడగనిది: ఈ పని పోతే ఆ ఊళ్లోనే ఇంకో పని ఎంత త్వరగా దొరుకుతుంది?

వృత్తి పన్ను మాటేమిటని అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 20 వేలు దాటిన జీతానికి నెలకు 200, కర్ణాటకలో 25 వేల నుంచి 200. ఊరు మార్చుకునేంత తేడా అందులో లేదు.

ఖర్చు ఎక్కడ ఎంత ఉందో చూడ్డానికి కేంద్ర గణాంక శాఖ 2023-24 కుటుంబ వ్యయ సర్వే కొంత పనికొస్తుంది. పక్కనే 2025-26 ఉపాధి హామీ కూలి రేట్లు కూడా ఇస్తున్నాను.

| రాష్ట్రం | పట్టణాల్లో మనిషికి నెల ఖర్చు, సుమారు (రూ.) | ఉపాధి హామీ రోజుకూలి (రూ.) |
|---|---|---|
| తెలంగాణ | 9,000 | 307 |
| తమిళనాడు | 8,200 | 336 |
| కర్ణాటక | 8,100 | 370 |
| కేరళ | 7,800 | 369 |
| ఆంధ్రప్రదేశ్ | 7,200 | 307 |
| దేశ సగటు | 7,000 | - |

ఎక్కువ ఖర్చు పెడుతున్నారంటే అక్కడ అన్నీ ఖరీదు అనే కాదు, చేతిలో డబ్బున్నవాళ్లు ఎక్కువని కూడా. సొంతిల్లు ఉన్నవాళ్లు కూడా కలిసిన సగటు కాబట్టి కొత్తగా వెళ్లి అద్దెకు దిగే మనిషి భారం ఇందులో తక్కువగా కనిపిస్తుంది. అయినా ఒక్క విషయం గమనించండి. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఉపాధి హామీ కూలి ఒకటే, పట్టణ ఖర్చులో మాత్రం దాదాపు 1,800 తేడా. నలుగురున్న ఇంటికి అది ఏడు వేలు.

కూలి, తాపీ, సెంట్రింగ్ పనులవాళ్లకు

దేశంలో ప్రాంతాల మధ్య కూలి తేడా ఇంత స్పష్టంగా కనిపించే రంగం ఇంకొకటి లేదు. రిజర్వ్ బ్యాంక్ ఏటా వేసే రాష్ట్రాల గణాంకాల పుస్తకంలో 2022-23కు గ్రామాల్లో నిర్మాణ పనులు చేసే మగవాళ్ల సగటు రోజుకూలి ఇలా ఉంది: కేరళలో సుమారు 852 రూపాయలు, తమిళనాడులో 501, దేశ సగటు 393, మధ్యప్రదేశ్‌లో 279. పొలం పనుల్లోనూ ఇదే వరస: కేరళ 764, దేశ సగటు 346, మధ్యప్రదేశ్ 229. ఒకే దేశం, ఒకే పని, కూలి మాత్రం మూడింతలు.

కేరళలో ఇంత ఎందుకు? కూలీల సంఘాలు అక్కడ బలంగా పాతుకుపోయాయి. మూటలు మోసే హమాలీల కోసం 1978లోనే ప్రత్యేక చట్టం తెచ్చుకున్న రాష్ట్రం అది. 1970ల నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడంతో ఊళ్లలో పని చేసే చేతులు తగ్గాయి, వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు కట్టడం పెరిగింది. పైగా అక్కడి పిల్లలు బాగా చదువుకుని కూలి పనికి రావడం మానేశారు. చేసేవాళ్లు తగ్గి, పని పెరిగితే కూలి పెరగక ఏం చేస్తుంది?

అయితే ఈ 852 మీ చేతికి వస్తుందనుకుని రైలెక్కవద్దు. అది ఎక్కువగా స్థానిక పనివాళ్లకు పడే రేటు. బెంగాల్, అస్సాం, ఒడిశాల నుంచి వచ్చి పెరుంబావూరు లాంటి చోట్ల ఉండేవాళ్లకు అంతకంటే తక్కువే ఇస్తారు. వానల సంగతి సరేసరి. జూన్ నుంచి నైరుతి, అక్టోబర్ నుంచి ఈశాన్యం. సగం ఏడాది పని ఆగుతూ సాగుతూ ఉంటుంది.

ఉదాహరణకు మీకు కేరళలో రోజుకు 700 ఇచ్చారనుకోండి. వానలు, ఖాళీలు పోను నెలకు 18 రోజులు పని దొరికితే 12,600. చెన్నైలో 500 చొప్పున 25 రోజులు చేస్తే 12,500. కాగితం మీద రోజుకు రెండు వందలున్న తేడా నెలాఖరుకు మొత్తం మీద వంద రూపాయలైంది. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో తిరువనంతపురం చేరేసరికి ఒక రోజు దాటిపోతుంది, కాబట్టి పండగకో చావుకో వచ్చిపోవడం కూడా తేలిక కాదు. డిసెంబర్ నుంచి మే దాకా మాత్రం కేరళ లెక్క నిలబడుతుంది. ఆ ఆరు నెలలకు వెళ్లి, వానలకు ముందే తిరిగొచ్చే ఏర్పాటు ఉన్నవాళ్లకు, అందులోనూ టైల్స్, ప్లంబింగ్, వైరింగ్ లాంటి చేతి పని తెలిసినవాళ్లకు వెళ్లడం లాభమే. ఉత్త కూలిగా, భాష రాకుండా, తెలిసినవాళ్లు లేకుండా వెళ్లేవాళ్లకు నేనైతే వద్దంటాను.

తెలిసినవాళ్లు ఉండటం ఎంత ముఖ్యమో మన వలసల దారులు చూస్తేనే తెలుస్తుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె, బెంగళూరు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి చెన్నై, హైదరాబాద్. ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు. కర్నూలు పడమటి మండలాలు, కోసిగి, ఆదోని, మంత్రాలయం నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు. వీళ్లెవరూ గణాంకాల పుస్తకం చూసి వెళ్లలేదు. ముందు వెళ్లినవాడు గది చూపించాడు, మేస్త్రీని పరిచయం చేశాడు, దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రోజుకు వంద తక్కువైనా ఈ ఏర్పాటు ఉన్న ఊరికే నా ఓటు.

ప్రమాదాన్ని కూడా కూలితోపాటు తూచాలి. 2014 జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లు. పెద్ద కట్టడాల మీద కూలి ఎక్కువిస్తారు, నిజమే. హెల్మెట్, బెల్టు ఇచ్చే సైటా కాదా అన్నది రేటు అడిగినప్పుడే అడగండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉంటే సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. వలస వెళ్లినవాళ్లు ఎక్కువగా వదిలేసుకునేది ఈ కార్డునే. కేరళ అయితే బయటి రాష్ట్రాల కార్మికుల కోసం 2017లో ఆవాజ్ అనే బీమా పెట్టింది. మొదలుపెట్టినప్పుడు చికిత్సకు 15 వేలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు అన్నారు. కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డయితే వెళ్లిన చోటా బియ్యం తీసుకోవచ్చు, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు ఆ వీలు లేదు. మీది ఏ రకమో డీలర్ దగ్గర తెలుసుకునే వెళ్లండి.

పైన ఇచ్చిన కూలి సగటులన్నీ మగవాళ్లవి. పొలాల్లోనూ సైట్ల మీదా ఆడవాళ్లకు ఇచ్చేది తక్కువ. ఉపాధి హామీలో మాత్రం ఇద్దరికీ ఒకటే రేటు. అందుకే భార్యాభర్తలు కలిసి వలస వెళ్లేటప్పుడు అతని కూలి ఎంత పెరుగుతుందన్నదే కాకుండా, ఊళ్లో ఆమెకు వచ్చే పని దినాలు ఎన్ని పోతాయన్నదీ లెక్కలో పెట్టాలి. పిల్లల బడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లకు

ఇక్కడ ఎంపిక నగరాల మధ్య కాదు, ఫ్యాక్టరీల వరసల మధ్య. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు, ఒరగడం. ఆంధ్ర వైపు తిరుపతి జిల్లాలో శ్రీసిటీ. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు. హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు, పటాన్‌చెరు వైపు ఇంజనీరింగ్ యూనిట్లు.

చేరేటప్పటి జీతాల్లో వీటి మధ్య పెద్ద తేడా చూడలేం. చూడాల్సింది మూడు: కంపెనీ బస్సు ఉందా, క్యాంటీన్‌లో భోజనం ఎంత, మిమ్మల్ని తీసుకునేది కంపెనీయా లేక మధ్యలో కాంట్రాక్టరా. బస్సు, భోజనం ఉంటే మీ జీతంలో మూడు నాలుగు వేలు కలిసినట్టే. తల్లిదండ్రుల దగ్గర ఉంటూ సూళ్లూరుపేట నుంచి శ్రీసిటీకి వెళ్లొచ్చే కుర్రాడు, శ్రీపెరుంబుదూరులో గది తీసుకున్న కుర్రాడి కంటే రెండు మూడు వేలు తక్కువ జీతానికి చేసినా ఇంట్లో ఎక్కువే మిగులుస్తాడు.

కానీ అయిదేళ్ల ముందుచూపుతో అడిగితే నా సమాధానం మారుతుంది. చెన్నై వైపు కార్ల ఫ్యాక్టరీలు 1990ల చివరి నుంచి ఉన్నాయి, విడిభాగాలు చేసే చిన్నా పెద్దా యూనిట్లు లెక్కలేనన్ని. ఒకచోట సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ మీద చేయి తిరిగితే పక్క గేటులో వెయ్యి ఎక్కువిచ్చి పిలుస్తారు. ఒకటే పెద్ద కంపెనీ చుట్టూ ఉన్న చోట ఆ బేరం దొరకదు. కాబట్టి పెళ్లి కానివాళ్లు మొదటి మూడేళ్లు చెన్నై వరసలో పని నేర్చుకుని, తర్వాత సొంత జిల్లా పక్కన సూపర్‌వైజర్‌గా చూసుకోవడం మంచి దారి. ఇంటి బాధ్యత ఇప్పటికే మీద పడినవాళ్లు ఇల్లు దగ్గరున్న ఫ్యాక్టరీకే వెళ్లండి.

ఇంజనీరింగ్, సాఫ్ట్‌వేర్ వాళ్లకు

పెద్ద ఐటీ సేవల కంపెనీలు ఫ్రెషర్లకు దేశమంతా ఒకే ప్యాకేజీ ఇస్తాయి. మూడున్నర లక్షల దగ్గర అది ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది. అంటే ఒకే కంపెనీ మిమ్మల్ని బెంగళూరులో వేసినా, భువనేశ్వర్‌లో వేసినా వచ్చేది అంతే, మిగిలేది మాత్రం వేరు. ఇలాంటి మొదటి ఉద్యోగానికి ఊరు అడిగే అవకాశం ఇస్తే, చవకగా ఉండగలిగే చోటు, వీలైతే ఇల్లున్న చోటు అడగండి. "బెంగళూరు వెళ్తేనే కెరీర్" అన్న టెన్షన్ ఆ మొదటి ఏడాదికి అక్కర్లేదు.

తేడా మొదలయ్యేది ఉద్యోగం మారేటప్పుడు. బెంగళూరులో ప్రోడక్ట్ కంపెనీలు, విదేశీ సంస్థల సొంత టెక్ సెంటర్లు, స్టార్టప్‌లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మూడేళ్ల అనుభవం ఉన్నవాడు ఒకే నెలలో నాలుగైదు ఇంటర్వ్యూలు పట్టగలడు. ఒక ఆఫర్ చూపించి ఇంకోచోట బేరమాడగలడు. బెంగళూరు సగటు జీతం ఎక్కువ కనిపించడానికి ఇదే అసలు కారణం. అక్కడి కంపెనీలు దానకర్ణులని కాదు.

గత పదేళ్లలో హైదరాబాద్ ఈ విషయంలో బాగా దగ్గరకొచ్చింది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు, పెద్ద టెక్ కంపెనీలు సొంత సెంటర్లు పెట్టాయి. డేటా, క్లౌడ్, బ్యాంకింగ్ టెక్నాలజీ వైపు ఉన్నవాళ్లకు ఇప్పుడు హైదరాబాద్ వదలాల్సిన అవసరం నాకు కనిపించదు. చిన్న స్టార్టప్‌లో ముందుగా చేరి షేర్లు సంపాదించుకోవాలనుకునేవాళ్లకు, చిప్ డిజైన్ లాంటి రంగాలవాళ్లకు బెంగళూరులో తలుపులు ఇంకా ఎక్కువే. చెన్నైలో జీతాలు ఈ రెండింటి కంటే కాస్త నెమ్మదిగా పెరుగుతాయి, ఉద్యోగాలు మారడం కూడా తక్కువ. స్థిరంగా ఉండాలనుకునేవాళ్లకు, కార్లు, యంత్రాల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు అది సరిపోతుంది.

ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో ఏడాదికి 6 లక్షలు, బెంగళూరులో 7 లక్షలు ఇస్తామన్నారు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి ఆ గొడవ లేదు. లక్ష తేడా నెలకు 8,300. పీఎఫ్, గ్రాట్యుటీ పోను చేతికి ఏడు వేలు అనుకుందాం. అద్దెలో మూడు నాలుగు వేలు, అడ్వాన్సు వడ్డీ రెండు వేలు పోతే మిగిలేది వెయ్యి రెండు వేలు. మెట్రోలో వెళ్లినా, 2025 పెంపు తర్వాత ఒకవైపు గరిష్ఠ టికెట్ బెంగళూరులో 90 రూపాయలు, హైదరాబాద్‌లో 69, చెన్నైలో 50. ఖమ్మం నుంచి వచ్చిన మనిషికి నెలకోసారి ఇంటికి పోయి రావడంతో ఆ మిగిలిన కాస్తా సరి. అదే హిందూపురం మనిషికి లెక్క తిరగబడుతుంది, అతను బెంగళూరుకే వెళ్లాలి.

నా కొలత ఇది: హైదరాబాద్‌లో ఉన్న మనిషి బెంగళూరుకు కదలాలంటే చేతికొచ్చే జీతం కనీసం పాతిక శాతం పెరగాలి, లేదా హైదరాబాద్‌లో దొరకని రకం పని అక్కడ దొరకాలి. ఈ రెండూ లేకపోతే ఊరు మారడం సామాను బండికి డబ్బు ఖర్చు.

విశాఖ సంగతి? ఇన్ఫోసిస్ 2023లో అక్కడ సెంటర్ తెరిచింది, రుషికొండ ఐటీ కొండ మీద టీసీఎస్‌కు 2025లో ఎకరా 99 పైసలకు భూమి ఇచ్చారు, అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. ఆశ ఉంది. కానీ డేటా సెంటర్‌కు పెట్టుబడి ఎంత పెద్దదో, లోపల పనిచేసే మనుషులు అంత తక్కువ. అక్కడే ఇల్లు ఉండి, చేతిలో ఆఫర్ లెటర్ కూడా ఉంటే రెండో మాట లేకుండా విశాఖ. మొదట్లో చెప్పిన ఐదో లెక్క దగ్గర మాత్రం అది ఇప్పటికి వెనకే ఉంది. ఉద్యోగం పోతే పక్క బిల్డింగ్‌లో ఇంకోటి దొరికే పరిస్థితి ఇంకా రాలేదు. ఇంటి నుంచి పనిచేయనిచ్చే కంపెనీ దొరికినవాళ్లకు విజయవాడ, విశాఖ, కాకినాడ ఏదైనా ఒకటే, అందరికంటే ఎక్కువ మిగుల్చుకునేది వాళ్లే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు

వీళ్లకు సర్వేలతో పని లేదు. ఏడో వేతన సంఘం లెక్కలో ఊరిని బట్టి మారేవి ముఖ్యంగా రెండే: ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం. మూల వేతనం 35,400 ఉన్న ఉద్యోగికి అద్దె భత్యం ఇలా వస్తుంది.

| పోస్టింగ్ | శాతం | నెలకు (రూ.) |
|---|---|---|
| హైదరాబాద్, బెంగళూరు, చెన్నై | 30 | 10,620 |
| విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ | 20 | 7,080 |
| కాకినాడ, అనంతపురం, ఖమ్మం వంటి ఊళ్లు | 10 | 3,540 |

రవాణా భత్యం ఈ స్థాయి ఉద్యోగికి పెద్ద నగరాల్లో 3,600, మిగతా చోట్ల 1,800, దాని మీద డీఏ (కరువు భత్యం). హైదరాబాద్ వదిలి అనంతపురం వెళ్తే రెండూ కలిపి దాదాపు పదివేలు తగ్గుతుంది. ఇద్దరు పిల్లలతో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, బడి ఫీజులు, రాకపోకలు లెక్కేస్తే అనంతపురంలో అంతకంటే ఎక్కువే ఆదా అవుతుంది. సొంతిల్లుంటే మరీ. ఒకటే మినహాయింపు: భార్యకో భర్తకో నగరంలో మాత్రమే దొరికే ఉద్యోగం ఉంటే ఈ లెక్కంతా చెల్లదు.

ఆ మినహాయింపు ప్రైవేటు ఉద్యోగాలకూ వర్తిస్తుంది. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఒకరి ఆఫర్‌లో పెరిగే పదివేలు చూసి కదిలిపోయి, రెండోవారు ఆరు నెలలు ఖాళీగా కూర్చుంటే, ఆ ఏడాది మొత్తం మీద నష్టమే. హైదరాబాద్, బెంగళూరు లాంటి పెద్ద ఊళ్లు ఒంటరి మనిషి కంటే ఇద్దరు ఉద్యోగులున్న ఇంటికే ఎక్కువ లాభం. అద్దె ఒకటే, జీతాలు రెండు.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి

కంపెనీవాళ్లనైతే నెల జీతం విడివిడిగా ఎలా వస్తుందో మెయిల్‌లో రాసి పంపమనండి. జాయినింగ్ బోనస్ ఇస్తే ఎన్ని నెలల లోపు మానేస్తే వెనక్కి కట్టాలో, ఊరు మారడానికి అయ్యే ఖర్చు ఇస్తారో లేదో, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలో అడగండి. ఈ చివరిది తేలకుండా ఇల్లు వెతకొద్దు. వారానికి రెండు రోజులైతే దూరంగా చవక ఇల్లు నడుస్తుంది, ఐదు రోజులైతే నడవదు.

మేస్త్రీ వెంట వెళ్లేవాళ్లు హాజరు ఎవరు రాస్తారో, బట్వాడా వారానికా నెలకా, పని లేని రోజు తిండి ఖర్చు ఎవరిదో, తిరుగు ఛార్జీ ఎవరు పెట్టుకుంటారో నలుగురి ముందు తేల్చుకోవాలి. ముందుగా అడ్వాన్సు తీసుకుంటే అది ఏ రేటున, ఎన్ని వారాల్లో తెగుతుందో కాగితం మీద రాయించుకోండి. "పనంతా అయ్యాక ఒకేసారి ఇస్తా" అనే మేస్త్రీ రోజుకు 50 ఎక్కువ చెప్పినా వద్దు. వారం వారం బట్వాడా ఇచ్చేవాడి దగ్గరికే వెళ్లండి.